క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్

క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ (1909 - 1995) ఆస్ట్రియా దేశంలో జన్మించిన సుప్రసిద్ధ మానవ శాస్త్రవేత్త. చెంచులు, కొండరెడ్లు, రాజ్‌గోండులు మొదలైన గిరిజన తెగల మధ్య నివసించి, వారి జీవన విధానాన్ని సమగ్రంగా గ్రంథస్థం చేశాడు. హైదరాబాదు సంస్థానంలో గిరిజనుల భూమి హక్కులకు, విద్యకు పునాది వేసిన వారిలో ఈయన ముఖ్యుడు.

హైమన్‌డార్ఫ్ అనగానే తెలుగు పాఠకులకు ఆదిలాబాదు జిల్లా, మార్లవాయి గ్రామం గుర్తుకు వస్తాయి. కాని హైదరాబాదు సంస్థానంలో ఈయన పరిశోధన మొదలైనది అక్కడ కాదు. అంతకు ముందే 1940లో, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని అమ్రాబాద్ పీఠభూమిపై, నల్లమల చెంచుల పెంటలలో మొదలైంది. అప్పటికి ఈయన స్వేచ్ఛాజీవి కూడా కాదు. రెండవ ప్రపంచ యుద్ధం మూలంగా శత్రుదేశ పౌరునిగా నిర్బంధానికి లోనై, నిజాం రాజ్యపు ఎల్లలు దాటరాదన్న ఆంక్ష కింద ఉన్నాడు. ఆ నిర్బంధ కాలమే ఈయన జీవితంలో అత్యంత ఫలవంతమైన కాలం కావడం విశేషం.

తొలి జీవితం, విద్య

హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నా నగరంలో ఒక కులీన కుటుంబంలో జన్మించాడు. చిన్ననాడే రవీంద్రనాథ్ ఠాగూరు రచనలు చదివి భారతదేశంపై ఆసక్తి పెంచుకున్నాడు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవ శాస్త్రం, పురావస్తు శాస్త్రం అభ్యసించాడు. ఆగ్నేయాసియా సంస్కృతులలో దిట్టయైన రాబర్ట్ వాన్ హైనె గెల్డర్న్ ప్రభావం ఈయనపై బలంగా ఉన్నది. అస్సాం కొండలలోను, వాయవ్య బర్మాలోను నివసించే తెగల సామాజిక వ్యవస్థపై పరిశోధన చేసి డాక్టరేటు పొందాడు. అప్పటికి ఆ కొండలను చూసి ఎరుగడు. పరిశోధన అంతా గ్రంథాలయంలో కూర్చుని చేసినదే. ఆ కాలపు ఐరోపా పండితులలో ఇది సర్వసాధారణం.

1935లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఉపకార వేతనంతో లండన్ వెళ్ళాడు. అక్కడ మాలినోవ్‌స్కీ నిర్వహించే చర్చాగోష్ఠులలో పాల్గొన్నాడు. పరిశోధకుడు తాను రాయదలచిన ప్రజల నడుమ చాలాకాలం ఉండి, వారి భాష నేర్చి, వారి దినచర్యను కళ్ళారా చూడవలెనన్నది మాలినోవ్‌స్కీ పద్ధతి. ఈ పద్ధతిని హైమన్‌డార్ఫ్ జీవితాంతం పాటించాడు.

1936లో నాగా కొండలకు చేరి, వాక్చింగ్ అనే గ్రామాన్ని కేంద్రంగా చేసుకుని కొన్యాక్ నాగాల మధ్య ఏడాదికి పైగా గడిపాడు. అక్కడి బ్రిటిషు అధికారి జె. పి. మిల్స్‌తో స్నేహం ఏర్పడింది. ఆ ఏడాది చివర పంగ్షా అనే గ్రామంపై ప్రభుత్వం పంపిన దండులో మిల్స్ వెంట ఈయన కూడా వెళ్ళాడు. ఆ ఊరు తగులబడింది. ఒక శాస్త్రజ్ఞుడు ఇటువంటి దండయాత్రలో పాల్గొనడం ఎంతవరకు సబబు అన్న ప్రశ్న తరువాతి తరం విమర్శకులు వేశారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. నాగాల అనుభవాలతో ఈయన రాసిన పుస్తకం ఐరోపాలో మంచి పేరు తెచ్చింది.

1938లో ఎలిజబెత్ బర్నార్డోను వివాహమాడాడు. ఈమెను అందరూ బెట్టీ అని పిలిచేవారు. ఆంగ్లేయ కుటుంబానికి చెందిన బెట్టీ తరువాతి కాలంలో భర్తతో సమానంగా క్షేత్ర పరిశోధనలో పాలు పంచుకున్నది.

శత్రుదేశ పౌరుడు

అదే 1938 సంవత్సరం మార్చి నెలలో హిట్లరు ఆస్ట్రియాను జర్మనీలో కలిపివేశాడు. ఆస్ట్రియా అనే దేశం పటం నుండి మాయమైంది. ఆ దేశస్థుల పాస్‌పోర్టులు చెల్లకుండా పోయి, వాటి స్థానంలో జర్మనీ పాస్‌పోర్టులు వచ్చాయి. వియన్నా వాసియైన హైమన్‌డార్ఫ్ కాగితాలపై జర్మనీ పౌరుడయ్యాడు.

1939లో ఈయన తిరిగి భారతదేశానికి వచ్చాడు. ఆ సెప్టెంబరు 3న బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించింది. వైస్రాయి లిన్‌లిత్‌గో భారత నాయకులెవరినీ సంప్రదించకుండానే భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నట్లు ప్రకటించాడు. దేశంలోని జర్మన్లందరూ ఆనాటి నుండి శత్రుదేశ పౌరులే. మతప్రచారకులు, వైద్యులు, వర్తకులు, కంపెనీ ఉద్యోగులు, పర్వతారోహకులు అందరినీ నిర్బంధించారు. హిట్లరు బాధకు తాళలేక ప్రాణాలు దక్కించుకుని పారిపోయి వచ్చిన యూదులను సైతం మొదట్లో విడిచిపెట్టలేదు. విచారణ సంఘాలు వేసి, ఎవరు ప్రమాదకరం, ఎవరు కారు అని తేల్చిన పిదప కొందరిని వదిలారు.

ఈ నిర్బంధ శిబిరాలను గురించి మన పాఠ్యపుస్తకాలలో ఎక్కడా కనిపించదు కనుక ఇక్కడ కొంత చెప్పడం అవసరం. మగవారిని మొదట అహ్మద్‌నగర్‌లో ఉంచారు. మొదటి ప్రపంచ యుద్ధంలో కూడా జర్మన్లను బంధించిన చోటే అది. తరువాత దేవలాలీకి, 1941లో డెహ్రాడూన్‌కు తరలించారు. స్త్రీలను, పిల్లలను మహారాష్ట్రలోని పురంధర్, సతారా శిబిరాలలో ఉంచారు. అందువల్ల అనేక కుటుంబాలు ఏళ్ళ తరబడి విడిపోయి బతికాయి. డెహ్రాడూన్ శిబిరం ముళ్ళకంచెలతో విభాగాలుగా ఉండేది. నాజీల పక్షం వారిని, వారి వ్యతిరేకులను ఒకే చోట ఉంచితే కలహాలు తప్పవని వేరువేరుగా ఉంచవలసి వచ్చింది. ఖైదీలు అక్కడే తరగతులు నడుపుకొన్నారు, తోటలు పెంచారు, పుస్తకాలు రాశారు. బౌద్ధ భిక్షువు న్యాణపోనిక పాళీ గ్రంథాల అనువాదం ఆ శిబిరంలోనే సాగించాడు. అనాగరిక గోవింద కూడా అక్కడి బందీయే. పర్వతారోహకుడు హైన్రిక్ హారర్ 1944లో ఆ శిబిరం నుండి తప్పించుకుని టిబెట్ చేరాడు. అతని కథ ప్రపంచ ప్రసిద్ధం.

హారర్ ఆస్ట్రియా వాడే, హైమన్‌డార్ఫ్ కూడా ఆస్ట్రియా వాడే. ఇద్దరివీ జర్మనీ పాస్‌పోర్టులే. కాని ఇద్దరి దారులు వేరయ్యాయి. హైమన్‌డార్ఫ్‌ను అధికారులు ఎంతో మర్యాదగా, నొచ్చుకుంటూనే నిర్బంధించారు. అస్సాం రోజుల నుండి ఈయనను ఎరిగిన బ్రిటిషు అధికారులు పలువురు ఉన్నారు. భార్య ఆంగ్లేయురాలు. అయితే ఆనాటి బ్రిటిషు చట్టం ప్రకారం విదేశీయుని పెళ్ళాడిన స్త్రీ తన పౌరసత్వాన్ని కోల్పోయి భర్త పౌరసత్వమే పొందేది. కనుక ఆ పుట్టుక కూడా చట్టం ముందు పెద్దగా అక్కరకు రాదు. చివరకు పరిచయాలే పనిచేశాయి. హైమన్‌డార్ఫ్ ముళ్ళకంచెల శిబిరంలో యుద్ధకాలమంతా గడపనక్కరలేకుండా, హైదరాబాదు సంస్థానం లోపలనే ఉండవలెనన్న షరతుతో అక్కడ ఉండనిచ్చారు. కొద్ది నెలలలోనే నిజాం ప్రభుత్వం ఆశ్రయంలో గిరిజన ప్రాంతాలలో పరిశోధనకు అనుమతి లభించింది.

అందరికీ దొరకని మినహాయింపు ఇది. పరిచయాలు లేని సామాన్య జర్మన్ గుమాస్తాకో, యంత్రకారునికో ఇటువంటి వెసులుబాటు దక్కలేదు. ఆ సంగతి గుర్తుంచుకునే ఈయన నిర్బంధ జీవితాన్ని చదవాలి.

అమ్రాబాద్ పీఠభూమి

ఆనాటి హైదరాబాదు సంస్థానానికి దక్షిణాన తుంగభద్ర, కృష్ణా నదులే సరిహద్దు. మహబూబ్‌నగర్ జిల్లాలో గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు నిజాముకు లోబడి ఉండేవి. వాటికి తూర్పున, నాగర్‌కర్నూలు, అచ్చంపేట దాటిన తరువాత నేల ఒక్కసారిగా ఎత్తుకు లేచి నల్లమల అడవిగా మారుతుంది. అదే అమ్రాబాద్ పీఠభూమి. (ఈ ప్రాంతం 2016 అక్టోబరులో మహబూబ్‌నగర్ జిల్లా నుండి విడిపోయి నాగర్‌కర్నూలు జిల్లాలో చేరింది. గద్వాల, వనపర్తి కూడా అప్పుడే వేరు జిల్లాలైనాయి.) ఇందులో రెండు అంతస్తులు ఉన్నాయి. కింది భాగంలో అమ్రాబాద్ మొదలైన వ్యవసాయ గ్రామాలు ఉంటాయి. పై భాగం దట్టమైన అడవి. దాని దక్షిణపు అంచు కృష్ణా నది లోయలోకి నిటారుగా దిగిపోతుంది. నదికి ఆవలి ఒడ్డున శ్రీశైలం. ఆనాడు అది మద్రాసు రాష్ట్రంలోని కర్నూలు జిల్లా, అంటే బ్రిటిషు వారి నేల. సంస్థానం లోపలనే ఉండవలసిన మనిషికి కృష్ణ ఒడ్డు ఒక హద్దు. అదే లోయకు ఇరువైపులా బంధువులు ఉన్న చెంచులకు అది కేవలం దాటవలసిన నీరు.

1940లో హైమన్‌డార్ఫ్ దంపతులు ఈ పై భాగంలోని చెంచు పెంటలలో కొన్ని నెలలు గడిపారు. పెంట అంటే కొన్ని గుడిసెల సముదాయం. అప్పాపూర్, రాంపూర్, పుల్లాయపల్లి వంటి ఊళ్ళ పేర్లు నేడు మనకు వినిపించే ఈ అడవిలో అప్పుడు మోటారు దారులు లేవు. నిజాం కాలపు వేట కోసం ఏర్పడిన ఫర్హాబాద్ తప్ప ప్రభుత్వ జాడ కూడా పలుచనే. ఎడ్‌గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల గురించి కూర్చిన సంపుటాలలో, నిజాం రాజ్యపు కులాలపై సయ్యద్ సిరాజుల్ హసన్ రాసిన గ్రంథంలో చెంచుల ప్రస్తావన ఉన్నది. కాని అవి విన్నదీ కన్నదీ కలిపి రాసిన పరిచయాలు. చెంచుల పెంటలో ఉంటూ, వారితో అడవి తిరుగుతూ, ఏ కుటుంబం ఏనాడు ఎక్కడ మకాం వేసింది, ఏమి తిన్నది అన్న వివరాలతో రాసిన మొదటి గ్రంథం హైమన్‌డార్ఫ్‌దే.

ఆయన చూసిన చెంచులు ప్రధానంగా ఆహార సేకరణతో జీవించేవారు. ఇనుపమొన తొడిగిన తవ్వుకర్రతో అడవి గడ్డలు తవ్వడం స్త్రీ పురుషులిద్దరికీ నిత్యకృత్యం. వేసవిలో ఇప్పపూలు, మొర్రి, తునికి పండ్లు. చింతపండును బూడిదతో కలిపి తినే అలవాటు కూడా వారికి ఉన్నది. మగవారి చేతిలో విల్లంబులు ఎప్పుడూ ఉంటాయి కాని వేటతో కడుపు నిండే రోజులు తక్కువ. అందరి దృష్టినీ ఆకర్షించేది తేనె సేకరణ. నిలువు కొండచరియలకు వేలాడే పట్టులను చేరడానికి తాడు సాయంతో లోయలోకి దిగుతారు. పైన తాడు పట్టుకునే వానిపైనే ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఆ పనికి అన్నదమ్ములను కాక బావమరిదినే నమ్ముతారని చెంచులలో వాడుక. అక్క మాంగల్యం బావమరిది చేతిలో ఉన్నదన్నమాట!

చెంచుల భాష తెలుగే. ఇది ఆశ్చర్యపడవలసిన విషయం. గోండులకు, కోలాములకు, కోయలకు స్వంత భాషలు ఉన్నాయి. చెంచులు మాత్రం అడవిలో అందరికీ దూరంగా ఉంటూనే తెలుగు మాట్లాడతారు. శ్రీశైల మల్లికార్జునుడు చెంచు పడుచును పెళ్ళాడిన కథ, నరసింహస్వామి చెంచులక్ష్మి కథ తెలుగువారందరి నోట ఉన్నవే. అంటే మైదానపు ప్రజలకు, ఈ అడవి ప్రజలకు ఉన్న సంబంధం చాలా పాతది. వారిని లోకమెరుగని ఆదిమ మానవులుగా చిత్రించే రచనలను చదివేటప్పుడు ఈ విషయం మరువరాదు. వారు ధాన్యం, బట్ట, ఇనుము కోసం అడవి సరుకును ఇచ్చి పుచ్చుకోవడం తరతరాలుగా ఉన్నదే.

సామాజిక జీవనంలో హైమన్‌డార్ఫ్‌ను బాగా ఆకట్టుకున్నది వారి స్వేచ్ఛ. మేకల, నిమ్మల, చిగుర్ల, తోకల, ఉడతల వంటి ఇంటిపేర్లు గల వంశాలు వారిలో ఉన్నాయి. ఒకే వంశం వారు పెళ్ళాడరు. కాని అందరినీ శాసించే నాయకుడు ఎవరూ లేడు. ఒక కుటుంబం తన పెంటలో ఇమడలేకపోతే భార్య తరఫు బంధువుల పెంటకు వెళ్ళిపోవచ్చు. గొడవలు ముదిరినప్పుడు దండన కంటే దూరమే పరిష్కారం. స్త్రీకి స్వంత సంపాదన, స్వంత నిర్ణయం ఉన్నాయి. వేటలో దొరికిన దానిలో మొదటి భాగం గారెలమైసమ్మకు అర్పిస్తారు. ఆ తల్లి కరుణిస్తేనే అడవిలో వేట, పండు లభిస్తాయని విశ్వాసం.

చెంచు పిల్లలకు చదువు చెప్పిన ఉపాధ్యాయులకు ఈ వర్ణన ఎంత నిజమో సులభంగా తెలుస్తుంది. ఇప్పపూలు రాలే కాలంలో బడి హాజరు పట్టీ ఖాళీ కావడం ఈ ప్రాంతంలో కొత్త సంగతి కాదు.

నివేదికలోని ఆందోళన

పెంటలలోని జీవితాన్ని హైమన్‌డార్ఫ్ అందమైన చిత్రంగా మాత్రమే చూడలేదు. అడవి రిజర్వు అయిన కొద్దీ అటవీ సిబ్బంది అధికారం పెరిగింది. కూలి ఇవ్వకుండా పని చేయించుకునే వెట్టి ఉండేది. అటవీ ఉత్పత్తులు గుత్తేదారుల చేతుల్లోకి పోయి, తమ అడవిలో ఏరిన సరుకుకు ధర నిర్ణయించే శక్తి చెంచులకు లేకపోయింది. బయటి నుండి వచ్చే పశువుల మందలు మేత కోసం పీఠభూమిపైకి చేరేవి. మరోవైపు చెంచులను ఒకేసారి నాగలి పట్టించి రైతులుగా మార్చాలనే ఆలోచన కూడా ఉండేది.

నదికి ఆవలి ఒడ్డున జరిగినది ఈయనకు హెచ్చరికలా తోచింది. కర్నూలు జిల్లాలో శ్రీశైలం యాత్రికుల దోపిడీల పేరుతో బ్రిటిషు ప్రభుత్వం చెంచులపై పోలీసు నిఘా పెట్టింది. కొందరిని నేరస్థ తెగల చట్టం కిందికి తెచ్చింది. వారి కోసం ప్రత్యేక అధికారి, బడులు, పునరావాసాలు ఏర్పడ్డాయి. అంత శ్రద్ధ చూపినా, ఆ వైపు చెంచులలో తాగుడు, హింస ఎక్కువ కావడం ఈయన గమనించాడు. ఈ తెగను తన అడవిలో, తన వేగంతో బతకనివ్వడమే మేలని నిర్ణయానికి వచ్చాడు. ఈయన సూచనను అనుసరించి నిజాం ప్రభుత్వం 1940లలో పై పీఠభూమిలో చెంచుల కోసం ఒక రిజర్వును ప్రత్యేకించింది. అందులో వారు నిరాటంకంగా ఆహారం సేకరించుకోవచ్చును.

చెంచులపై గ్రంథం 1943లో లండన్‌లోని మాక్‌మిలన్ సంస్థ ద్వారా వెలువడింది. యుద్ధం ఇంకా నడుస్తూనే ఉన్నది. బ్రిటన్‌కు శత్రుదేశ పౌరుడైన వ్యక్తి రాసిన పుస్తకం, బ్రిటన్ రాజధానిలోనే, యుద్ధం మధ్యలో అచ్చు కావడం చరిత్రలోని చిత్రమైన సంఘటనలలో ఒకటి.

పాపికొండల నుండి మార్లవాయి దాకా

చెంచుల తరువాత హైమన్‌డార్ఫ్ గోదావరి లోయలోని కొండరెడ్ల మధ్య పనిచేశాడు. పోడు వ్యవసాయం చేసే కొండరెడ్లు కలప గుత్తేదారుల అప్పులలో చిక్కి తరతరాల కట్టుబానిసలుగా మారిన తీరును నమోదు చేశాడు. పాపికొండల రెడ్లపై రాసిన ఆ గ్రంథం 1945లో వెలువడింది.

1940లో ఆదిలాబాదు జిల్లా జోడేఘాట్‌లో కొమరం భీం నాయకత్వాన గోండులు తిరగబడ్డారు. నిజాం పోలీసుల కాల్పులలో భీం, అతని సహచరులు చనిపోయారు. తిరుగుబాటుకు మూలం ఏమిటన్న ప్రశ్న ప్రభుత్వాన్ని వేధించింది. హైమన్‌డార్ఫ్ ఆదిలాబాదుకు వెళ్ళి, గోండుల భూములు ఇతరుల చేతుల్లోకి ఎలా పోయాయో, అటవీశాఖ ఊళ్ళను ఎలా ఖాళీ చేయించిందో పరిశీలించాడు. మార్లవాయిలో గోండుల ఇళ్ళ వంటి ఇంటిలో ఉంటూ గోండీ నేర్చాడు. రెవెన్యూ వ్యవహారాలు చూసిన డబ్ల్యు. వి. గ్రిగ్సన్ ఈయనకు అండగా నిలిచాడు. గ్రిగ్సన్ స్వయంగా బస్తరు మారియా గోండులపై గ్రంథం రాసినవాడు.

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. గోండీ భాషకు దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. మాతృభాషలో ప్రాథమిక విద్య గురించి మనం ఈనాటికీ చర్చిస్తూనే ఉన్నాము, ఒక యుద్ధకాలపు నిర్బంధితుడు ఆనాడే దానిని అడవి గ్రామంలో ఆచరణలో పెట్టించాడు. ఈ పథకాల అమలులో మరాఠీ చరిత్రకారుడు సేతు మాధవరావు పగడి వంటి అధికారులు శ్రమించారు. 1940ల చివరి నాటికి ఆదిలాబాదు గిరిజనులకు లక్ష ఎకరాలకు పైగా భూమిపై పట్టాలు లభించాయి. నిజాం ప్రభుత్వం 1356 ఫసలీలో (1946) తెచ్చిన గిరిజన ప్రాంతాల నిబంధనలకు ఈయన నివేదికలే ఆధారం. గోండులపై గ్రంథం 1948లో వచ్చింది.

నిర్బంధం ముగింపు కూడా విచిత్రంగానే జరిగింది. జపాను సేనలు బర్మాను ఆక్రమించిన తరువాత ఈశాన్య సరిహద్దు ప్రాంతాలు తెలిసిన మనుషుల అవసరం ప్రభుత్వానికి ఏర్పడింది. యుద్ధం ముగియక ముందే, 1944లో, హైమన్‌డార్ఫ్ సుబన్‌సిరి ప్రాంతానికి ప్రత్యేక అధికారిగా నియమితుడయ్యాడు. నేటి అరుణాచల్ ప్రదేశ్‌లోని ఆపతానీలను గురించి పరిశోధన అప్పుడే చేశాడు. అయిదేళ్ళ క్రితం శత్రువని నిర్బంధించిన ప్రభుత్వమే సరిహద్దు ప్రాంతాన్ని ఈయన చేతికి అప్పగించింది. కాగితం మీది పౌరసత్వానికి, మనిషికి ఉన్న సంబంధం ఎంతటిదో దీనిని బట్టి ఊహించవచ్చు.

1945లో హైదరాబాదుకు తిరిగి వచ్చి నిజాం ప్రభుత్వానికి గిరిజన, వెనుకబడిన తరగతుల సలహాదారుగా పనిచేశాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా కూడా ఉన్నాడు. సంస్థానం భారతదేశంలో విలీనమైన మరుసటి ఏడాది, 1949లో, లండన్ వెళ్ళాడు.

లండన్, నేపాల్

లండన్ విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా విద్యల సంస్థలో అధ్యాపకునిగా చేరి, 1951లో ఆచార్యుడై, 1976లో విరమణ పొందాడు. 1953 నుండి నేపాల్‌లో షెర్పాలపై పరిశోధించాడు. వారిని గురించిన గ్రంథం 1964లో వెలువడింది. వేలాది ఛాయాచిత్రాలు, గంటల కొద్దీ చలనచిత్రాలు తీశాడు.

మళ్ళీ నల్లమలలో

పదవీ విరమణ తరువాత హైమన్‌డార్ఫ్ తన పాత క్షేత్రాలకు తిరిగి వచ్చి, నలభై ఏళ్ళలో ఏమి జరిగిందో పరిశీలించాడు. ఈ ఫలితాలతో 1982లో భారత గిరిజనుల మనుగడ పోరాటంపై పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఆదిలాబాదులో తాను ఇప్పించిన భూములు చాలా చోట్ల తిరిగి చేజారిపోవడం చూసి తీవ్రంగా బాధపడ్డాడు. గిరిజన భూముల బదలాయింపును నిషేధించే 1959 నాటి నిబంధన 1963లో తెలంగాణకు వర్తించింది, 1970లో మరింత కఠినమైంది. అయినా చట్టం ఒక దారిన, భూమి మరొక దారిన పోయాయి.

అమ్రాబాద్ పీఠభూమిపై మార్పు వేరుగా ఉన్నది. హైదరాబాదు నుండి శ్రీశైలం వెళ్ళే రహదారి మన్ననూరు, వటవర్లపల్లి, దోమలపెంట మీదుగా అడవిని చీల్చుకుంటూ సాగింది. బస్సులు, యాత్రికులు, అంగళ్ళు వచ్చాయి. వెదురు నరికే పనులు పెరిగాయి. చెంచులు కూలి, జిగురు సేకరణ వైపు మళ్ళారు. లోపలి పెంటలలో మాత్రం పాత జీవితం చాలావరకు నిలిచి ఉన్నది.

1983లో ఈ అడవి నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగమైంది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడింది. లోపలి పెంటలను అడవి వెలుపలకు తరలించే ప్రతిపాదనలు అప్పటి నుండి పలుమార్లు వచ్చాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చెంచులకు హక్కులు ఇచ్చినా, అవి పెంట దాకా చేరడం ఆలస్యమైంది.

ఇక్కడ హైమన్‌డార్ఫ్‌పై వచ్చిన విమర్శను చెప్పాలి. చెంచులను రిజర్వులో ఉంచమనడం వారిని ప్రదర్శన వస్తువులుగా నిలబెట్టడమేనని, బయటి ప్రపంచపు చదువు, వైద్యం అందకుండా చేయడమేనని కొందరు వాదించారు. ప్రభుత్వం ఇచ్చే హద్దు రక్షణ కాగలదు, అదే చెర కూడా కాగలదు. ఆ రెంటికీ తేడా హద్దు దాటడం ఎవరి ఇష్టంపై ఉన్నదన్న దాంట్లోనే ఉన్నది. హైమన్‌డార్ఫ్ కోరిన రిజర్వు చెంచులను లోపల కట్టివేసేది కాదు, గుత్తేదారును బయట ఉంచేది. తరువాతి కాలపు అభయారణ్యానికి, దానికి ఉన్న తేడా ఇదే. ఎవరు ఉండాలి, ఎవరు పోవాలి అన్న మాట చెంచులను అడిగి రాసినది మాత్రం రెండూ కావు.

చివరి దశ

1990లో హైమన్‌డార్ఫ్ తన ఆత్మకథను ప్రచురించాడు. అంతకు మూడేళ్ళ ముందు, 1987 జనవరి 11న, బెట్టీ హైదరాబాదులో మరణించింది. అమ్రాబాద్ నుండి నేపాల్ దాకా ఈయన వెంట నడిచి, ప్రతి గ్రంథానికీ వెనుక పనిచేసిన ఆమె పేరు పుస్తకాల అట్టలపై కనిపించినంతకంటే ఎక్కువగా కనిపించవలసింది. మార్లవాయి గోండులు ఆమెకు తమ ఊరిలో సమాధి కట్టారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో మరణించాడు. ఈయన స్మారకం కూడా ఆమె సమాధి పక్కనే ఉన్నది. ప్రతి ఏటా జనవరి 11న గిరిజనులు అక్కడ కూడి దంపతులిద్దరికీ తమ ఆచారం ప్రకారం నివాళులు అర్పిస్తారు.